కనెక్ట్ కాలేదా? అభినందనలు!

మీటింగుకి వెళ్లారు. లాప్‌టాప్ తెరిచారు. నెట్‌వర్క్ కనెక్ట్ కాలేదు. ఏం చేస్తారు?

నెత్తి కొట్టుకుంటారు. ఏర్పాట్లు చేసినవాళ్లని లోలోపల తిట్టుకుంటారు. పక్కాయనది కనెక్ట్ అయిందేమోనని ఓరకంట చూస్తారు. అయితే కుళ్లుకుంటారు, కాకపోతే కాస్త తేరుకుంటారు. అవునా, కాదా?

అక్కడే పప్పులో కాలేస్తున్నారు! మీటింగులో నెట్‌వర్క్ కనెక్ట్ కాకపోవడమంత మహాభాగ్యం మనిషికి మరొకటి లేదు. ఇది నేను ఒళ్లు తెలిసే అంటున్నాను. ఎవరైనా కాదంటే వాదనకి సిద్ధం. కాకపోతే ముఖాముఖి రావాలి, మెయిల్లో కుదరదు.

ఎన్ని ఉదాహరణలు కావాలి? ఒక సర్వేయర్ల సదస్సులో నెట్‌వర్క్ పోతే, తామున్న హాలుకి కిటికీలున్నాయని వాళ్లు మొదటిసారి గమనించారు. ఆడిటర్ల సమావేశమొకటి భోజనాల వేళకే ముగిసిపోయింది. ఎందుకు ముగిసిందో ఇప్పటికీ వాళ్లు ఆడిట్ చేస్తూనే ఉన్నారు! ఇంకోచోట ఇద్దరు డాక్టర్లు ఊసుపోక మాటల్లో పడి, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే రోగికి మందులిస్తున్నామని కనిపెట్టారు. రోగి బతికాడు. నెట్‌వర్క్ బాగుంటే బతికేవాడా?

నమ్మరు కదూ? పోనీ, మా వదిన సంగతి చెబుతాను వినండి. ఇది మాత్రం ఆవిడ నోటి వెంటే నేను విన్నది.

మా వదిన లిఫ్టుల ఇంజనీరు. వాళ్ల అపార్ట్‌మెంట్లో పిల్లలు ‘లిఫ్టమ్మ’ అని పేరు పెడితే, పెద్దవాళ్లు దాన్ని ఖాయం చేశారు. లిఫ్టు మొరాయిస్తే కంపెనీకి ఎవరూ ఫోన్ చెయ్యరు, నేరుగా ఆవిడ తలుపు తడతారు. ఆవిడ విసుక్కుంటూనే వస్తుంది. బాగుచేసి గానీ వెళ్లదు.

లిఫ్టమ్మ మామగారు, అంటే నాకు పెదనాన్న, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో నడుస్తున్నా ఎవరో వెనకాల ‘కుడి, ఎడమ’ అని చెబుతున్నట్టే నడిచే మనిషి. ఆయనకి ఒక స్నేహితుడున్నాడు, పక్క వీధిలో, ఆరో అంతస్తులో. ఇద్దరికీ చదరంగం పిచ్చి. ఆ స్నేహితుడికి మోకాళ్లు పనిచెయ్యవు కాబట్టి వారం వారం పెదనాన్నే చేతికర్ర పుచ్చుకుని వెళ్లేవాడు.

ఓ సాయంత్రం ఆ బిల్డింగులో పెదనాన్న లిఫ్టు ఎక్కబోయాడు. లిఫ్టు తలుపుల అంచుల్లో కంటికి కనపడని కిరణాలుంటాయి. ఏదైనా అడ్డొస్తే మూసుకునే తలుపు మళ్లీ తెరుచుకోవాలి. ఆ లిఫ్టులో కిరణాలు మోకాలి పైనుంచి మొదలవుతాయి. పెదనాన్నకంటే ముందు ఆయన కర్ర కొన లోపల అడుగుపెట్టింది, నేల పక్కనే. తలుపుకి అది కనపడలేదు. కొనని కరుచుకుంది. కర్ర చేతిలోంచి జారింది, పెదనాన్న కూలబడ్డాడు.

తుంటి ఎముక విరిగింది. కొన్ని నెలలకి అతుక్కుంది. ధైర్యం మాత్రం అతుక్కోలేదు.

లిఫ్టమ్మ తమ బిల్డింగు లిఫ్టుకి కిందిదాకా కిరణాలు పెట్టించింది. దాంట్లో ఆయన దిగుతాడు, వీధి చివరిదాకా నడుస్తాడు, తిరిగొచ్చేస్తాడు. స్నేహితుడింటికి మాత్రం పోడు.

“మన లిఫ్టు సరే అమ్మాయ్, వాడింటి లిఫ్టు మాటేమిటి?” అంటాడు.

“ఫోన్లో ఆడుకుంటున్నారుగా మామయ్యా.”

“ఫోన్లో వాడు తొండి ఆడుతున్నాడు! నిన్న చచ్చిన గుర్రం ఇవాళ లేచొచ్చింది. వెళ్లి కళ్లారా పట్టుకుందామంటే ఈ లిఫ్టొకటి!”

ఇదీ మా ఇంటి సంక్షోభం. నవ్వకండి. నాలుగు గోడల మధ్య కూర్చుని, బోర్డు ముందేసుకుని, అవతలివాడి ఎత్తులు కూడా తనే జరుపుతూ ఆడే మనిషిని చూస్తే మీకూ నవ్వు రాదు. లిఫ్టమ్మకీ రాలేదు. ఊళ్లోని లిఫ్టులన్నిటికీ నియమాలు రాసే సాంకేతిక కమిటీ ఒకటుంది. పట్టుబట్టి అందులో సభ్యురాలైంది. ఆవిడ ప్రతిపాదన ఒక్క వాక్యం: తలుపు కిరణాలు చీలమండ ఎత్తు నుంచి మొదలు కావాలి.

ఒక్క వాక్యానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

రెండేళ్లయినా అది తెమల్లేదు!

ఎందుకంటే ఆ రెండేళ్లూ మీటింగులో నెట్‌వర్క్ దివ్యంగా ఉంది. ఆవిడ లేచి చెబుతుంటే ఎదురుగా ముఖాలు లేవు, లాప్‌టాప్ మూతలున్నాయి. మూతల వెనక టకటకమని చప్పుడు. తన మాటలే రాసుకుంటున్నారని మొదటి ఏడు ఆవిడ మురిసిపోయింది. తీరా చూస్తే ఒకాయన చొక్కాలు ఆర్డరు పెడుతున్నాడు.

ఆవిడ ముగించగానే అధ్యక్షులవారు తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగేవారు. “ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?”

నిశ్శబ్దం.

“ఎవరూ మాట్లాడలేదు కనుక చర్చ జరగలేదు. చర్చ జరగలేదు కనుక వచ్చే మీటింగుకి వాయిదా.”

ఈ తర్కంలో తప్పు పట్టగలరా? ఆవిడా పట్టలేకపోయింది!

మీటింగుకీ మీటింగుకీ మధ్య మెయిళ్లు నడిచేవి. అందులో తలుపు సెన్సర్లు తయారుచేసే కంపెనీ ఆయన ఒకడు లిఫ్టమ్మ ప్రాణానికి యముడిలా దాపురించాడు. ఆవిడ ఏం రాసినా, ‘మాకు అభ్యంతరం కలదు’ అంటూ జవాబొచ్చేది. కారణం ఉండేది కాదు, కింద సంతకం మాత్రం ఉండేది. ఆవిడ ఆయనకి అభ్యంతరంగారని పేరు పెట్టుకుంది. బుర్రమీసాలు, ఎర్రటి కళ్లు, గుద్దితే బల్ల విరిగే చెయ్యి. మనసులో ఆయన బొమ్మ అలా గీసుకుని, రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఆ బొమ్మతో పోట్లాడేది.

మూడో ఏడు మీటింగు ఓ పెద్ద బిల్డింగులో, నేల కింది హాల్లో పెట్టారు. ఫోన్ సిగ్నల్ మెట్ల మొదట్లోనే సెలవు పుచ్చుకునే చోటు. కాగితాలన్నీ సర్వర్లో ఉన్నాయి, సర్వర్ హాలు మూల బల్ల మీద ఉంది. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో గోడకి అంటించి ఉన్నాయి. దాని కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: ‘కనెక్ట్ కావడంలో ఇబ్బంది ఎదురైతే, సర్వర్లోని సూచనలు చదువుకోగలరు.’

ఆహా! బావిలో పడ్డవాడికి, నిచ్చెన ఎలా వెయ్యాలో గట్టు మీద రాసిపెట్టినట్టు లేదూ?

లాప్‌టాపులు తెరుచుకున్నాయి. పాస్‌వర్డ్‌లో మూడో అక్షరం ఎల్లా, ఐయా, ఒకటా అని హాలు మూడు పక్షాలుగా చీలింది. ఎల్ పక్షానికి మెజారిటీ వచ్చింది. కనెక్ట్ అయింది! అందరివీ అయ్యాయి! చప్పట్లు కూడా కొట్టారు. తీరా చూస్తే ఏదీ తెరుచుకోదు. మెయిల్ రాదు. సర్వర్ కనపడదు. తాళంచెవి దొరికింది, ఇల్లే లేదు.

మెడలో తీగలు వేసుకుని నెట్‌వర్క్ ఇంజనీరొచ్చాడు. బొద్దుగా, చెమటలు కక్కుతూ, పీడకల మధ్యలో లేపి తీసుకొచ్చినట్టున్నాడు. ప్రతి కుర్చీ దగ్గరా వంగి ఒకే మాట. “ఓసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్.” ఆఫ్ చేశారు. ఆన్ చేశారు. ఒకాయన లాప్‌టాప్ ఇదే అదనుగా అప్‌డేట్ మొదలుపెట్టి, ఇంక నన్ను ముట్టుకోవద్దంది. ఇంకొకాయనది సెట్టింగులు మార్చాలంటే తమ ఆఫీసులో ఒకావిడ అనుమతి కావాలంది. ఆవిడ సెలవులో ఉంది.

“మా నెట్‌వర్కులో ఏ దోషం లేదు సార్,” అన్నాడు ఇంజనీరు నీరసంగా.

“అయితే దోషం మాలోనే ఉందంటావా?” అని గర్జించారు అధ్యక్షులవారు. ఇంజనీరుతో ‘కాస్త కూర్చుని ఊపిరి పీల్చుకోండి’ అన్నది లిఫ్టమ్మ ఒక్కతే.

కాగితాలు లేందే మీటింగు మొదలు కాదు. అందరూ కూర్చున్నారు. పాపం, చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కొందరు బల్ల మీద పెట్టుకున్నారు, కొందరు చంకల్లో దోపుకున్నారు.

లిఫ్టమ్మ పక్కన బక్కపలచటి పెద్దమనిషి ఒకాయన. జలుబు చేసినట్టుంది, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంకా ఆశ చావక మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ కొడుతున్నాడు.

“మేడమ్, చివర్న ఉన్నది సున్నా అంటారా, ఓ అంటారా?”

“నేను సున్నా కొట్టానండి.”

“నేనూ అంతే. పోనీ ఓ కొట్టి చూస్తాను. వస్తే చెబుతాను.”

“రాకపోతే?”

“రాకపోతే ప్రత్యేకించి చెప్పడమెందుకండీ, నా ముఖం చూస్తే తెలుస్తుందిగా.”

లిఫ్టమ్మకి నవ్వొచ్చింది. మాట కలిపింది. “ఏ కంపెనీ అండీ మీది?”

“లిఫ్టు తలుపులకి సెన్సర్లు చేస్తామండి.”

ఆవిడ నవ్వు సగంలో ఆగింది. “మెయిళ్లలో... మాకు అభ్యంతరం కలదు అని రాసేది...”

ఆయన చేతిరుమాలు కిందికి దిగింది. “అయ్య బాబోయ్! మీరు చీలమండ మేడమా?”

చూశారా! పోయిన రెండేళ్లూ ఈ ఇద్దరూ ఇలాగే పక్కపక్కన కూర్చున్నారట. కుర్చీల వరస మారలేదు. ఆవిడ ఆవేశంతో టైపు చేస్తుంటే బల్ల అదిరి ఆయన టీ ఒలికేదట. ఎవరీ మహాతల్లి అని ఆయన మెయిల్లోంచి తలెత్తకుండానే అనుకునేవాడట!

“అసలు నా ప్రతిపాదన చదివారా మీరు?” అంది లిఫ్టమ్మ. పళ్లు తోముకునేటప్పుడు దాచుకున్న కోపమంతా గొంతులోకి వచ్చింది.

“అభ్యంతరం చెప్పడానికి చదవక్కర్లేదు కదండీ. ఒప్పుకోవాలంటేనే చదవాలి.”

ఇంత నిజాయితీకి ఏం బదులు చెబుతారు? ఆవిడ కాగితంలో లేనిది చెప్పింది. మామగారు, చేతికర్ర, చదరంగం, లేచొచ్చిన గుర్రం. అభ్యంతరంగారు విన్నాడు. ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయి విన్నాడు.

“మా అమ్మకీ కర్రే మేడమ్,” అన్నాడు చివరికి. “మీరన్నది న్యాయమే. కానీ కింద గడప మీద దుమ్ము పేరుకుంటుంది. ఆ దుమ్ము కిరణానికి అడ్డొచ్చిందా, తలుపు మూసుకోదు. మూసుకోబోతుంది, తెరుచుకుంటుంది. మళ్లీ మూసుకోబోతుంది. జనం ఏం చేస్తారు? రెండురోజులు ఓర్చుకుని, మూడోరోజు మెకానిక్కుని పిలిచి సెన్సర్ మొత్తం పీకించేస్తారు. నేను కళ్లారా చూశాను. అప్పుడు కర్రకే కాదు, మనిషికీ దిక్కుండదు.”

లిఫ్టమ్మ నోరు వెళ్లబెట్టింది. తన బిల్డింగులో వారం వారం తనే గడప తుడిపిస్తుంది కాబట్టి ఆవిడకి ఆ ఆలోచనే రాలేదు.

“ఇది మెయిల్లో రాయొచ్చు కదండీ?”

“మెయిల్లో ఇంతుంటే ఎవరు చదువుతారండీ?”

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగారు. వెనకవాళ్లు కుర్చీలు జరుపుకున్నారు. దుమ్ము ఒకాయనకి తెలిసిన సంగతే. ఇంకొకావిడకి అలా పీకించేసిన సెన్సర్లు బాగా తెలుసు. గొంతులు లేచాయి. వేదిక మీద అధ్యక్షులవారు గంట కొట్టారు.

“అక్కడేదో చర్చ జరుగుతున్నట్టుంది! ఇంకా మీటింగు మొదలు కాలేదండీ. దయచేసి ఎవరూ చర్చించకండి!”

ఎవరూ వినలేదు. ఎవరో అన్నారు, “ఈ బిల్డింగులో లిఫ్టుందిగా? పోయి చూస్తే పోలా?”

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. లిఫ్టుల నియమాలు రాసే కమిటీ అది. పుట్టినప్పటి నుంచి ఒక్కసారైనా అందరూ కలిసి ఒక లిఫ్టు ముందు నిలబడిన పాపాన పోలేదు!

బయల్దేరారు. అధ్యక్షులవారు వద్దు వద్దంటూనే అందరికంటే ముందు నడిచారు. చేతికర్ర లేదు కాబట్టి సభ్యులు ఆయన గొడుగు అడిగారు. అది పిడికి వెండి పొన్ను వేసిన గొడుగు. ఇంకొకరి చేతికి ఇవ్వనన్నారాయన. సరే, మీ చేత్తోనే పెట్టండన్నారు. ఆయన లిఫ్టు బయట నిలబడి, గొడుగు మొన గడప దాటించి, కత్తి దూసిన వీరుడిలా నిలుచున్నారు. తలుపు వచ్చింది. ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. మొనని కరుచుకుంది. గొడుగు వంగింది. గొడుగుతో పాటు అధ్యక్షులవారూ వంగారు.

“అరెరె! ఇది... ఇది మనిషినైతే పడేస్తుందయ్యా!” అన్నారాయన.

రెండేళ్లుగా లిఫ్టమ్మ చెబుతున్న ముక్క అదే. ఆయన కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటే ఆవిడ కిమ్మనలేదు. తెలివైనది.

పెద్ద తోపుడు బండి నిండా ఫైళ్లతో ఒకావిడ వచ్చి ఈ జనాన్ని చూసి ఆగింది. “లిఫ్టు పాడైందా అండీ?”

“లేదమ్మా, మీటింగు జరుగుతోంది,” అన్నాడు ఒక సభ్యుడు గర్వంగా.

ఆవిడ బండి తోసుకుంటూ మెట్లకేసి చూసి ఉసూరుమంది. అప్పుడు నలుగురు సభ్యులు ఆవిడ ఫైళ్లు మోసి పైకి చేర్చి వచ్చారు. ఆ కమిటీ చరిత్రలో అమలైన మొదటి నిర్ణయం అదేనని లిఫ్టమ్మ అంటుంది.

అభ్యంతరంగారు గడప ముందు గొంతుక్కూర్చుని చేతిరుమాలుతో తుడిచి చూపించాడు. తెల్ల రుమాలు బొగ్గయింది. లిఫ్టమ్మ ఆయన పక్కనే చతికిలబడింది. ఇద్దరూ మెయిళ్లలో పోట్లాడినట్టే పోట్లాడారు, కాకపోతే ఈసారి ఒకరి మాట ఒకరికి వినపడుతోంది.

“కిరణం కిందిదాకా ఉండాల్సిందే,” అంది ఆవిడ.

“ఉంచండి. దుమ్ముకి మాత్రం దారి చూపించండి.”

“పోనీ, ఏదైనా అదేపనిగా అడ్డుంటే తలుపు అలా తెరిచే ఉండకూడదు, ధబాలున పడనూ కూడదు. బజరు మోగించుకుంటూ మెల్లగా రావాలి. పసిపిల్ల చెయ్యి పెట్టినా ఆగిపోయేంత మెల్లగా. అలాగైతే?”

ఆయన ఆలోచించాడు. గట్టిగా తుమ్మాడు. “అలాగైతే కర్రకి దెబ్బ తగలదు, దుమ్ముకి తలుపు జడవదు. మా సెన్సర్‌కి చిన్న మార్పు చాలు మేడమ్!”

మెల్లగా అంటే ఎంత మెల్లగా అని అందరూ కలిసి చేతులతో తలుపులా నటిస్తూ వాదించుకున్నారు. ఒప్పుకున్నారు. గోల చేసుకుంటూ హాలుకి తిరిగొచ్చారు. కొందరు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకున్నారట కూడా! ఇక అందరూ కూర్చుని చేతులెత్తితే అయిపోతుంది.

సరిగ్గా అప్పుడు వచ్చిపడింది విపత్తు.

“దొరికింది సార్!” అని కేకేశాడు నెట్‌వర్క్ ఇంజనీరు. అధ్యక్షులవారి లాప్‌టాప్ ముందు విజయగర్వంతో నిలబడి ఉన్నాడు. “మీరు దీంట్లో ఇంకో నెట్‌వర్క్ మొదలుపెట్టారు సార్. అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో. హాల్లోవన్నీ వచ్చి దీనికే అతుక్కున్నాయి.”

“నేనా? అందరితో పంచుకుంటారా అని అది అడిగింది. పంచుకోవడం మంచిదే కదా అని అవునన్నాను. పేరు అడిగింది. గోడ మీదున్న పేరు కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది...”

అదీ సంగతి! పొద్దుటి నుంచి హాలంతా అధ్యక్షులవారికే కనెక్ట్ అయి ఉంది. అధ్యక్షులవారు మాత్రం దేనికీ కనెక్ట్ అయి లేరు.

ఇంజనీరు ఆ లాప్‌టాప్ మూత మూశాడు. “ఇది మళ్లీ తెరిచారంటే కథ మొదటికొస్తుంది సార్, ముట్టుకోకండి.”

టింగ్. టింగ్ టింగ్. టింగ్ టింగ్ టింగ్ టింగ్! ఆగి ఉన్న మెయిళ్లన్నీ ఒక్క పెట్టున కురిశాయి. గాలి తగిలిన వరిచేనులా తలలన్నీ ఒకేసారి వంగిపోయాయి. ముఖాలు పోయి మూతలొచ్చాయి.

“ఏవండీ, ఓటు...” అంది లిఫ్టమ్మ పక్కకి తిరిగి.

“ఒక్క నిమిషం మేడమ్,” అన్నాడు అభ్యంతరంగారు తెరలోకి. ఆ గొంతు ఆవిడకి తెలుసు. అది మెయిళ్లలోని గొంతు.

అధ్యక్షులవారు పక్కాయన తెరలోకి తొంగిచూస్తూ అడిగేశారు. “చీలమండ ప్రతిపాదన. ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?”

నిశ్శబ్దం. టకటక.

“ఎవరూ మాట్లాడలేదు కనుక...”

ఇంకో ఏడాది! ఇంటికెళ్లి మామగారి ముఖం చూసి ఏం చెప్పాలి? అరుద్దామా అనుకుంది లిఫ్టమ్మ. అరిస్తే మాత్రం ఎవరు వింటారు? చెవులున్నాయి గానీ ఖాళీగా లేవు.

ఆవిడ లేచింది. మంచినీళ్ల కోసమన్నట్టు వేదిక దాకా నడిచింది. గ్లాసు అందుకుంటూ, అందుకుంటూ, రెండో చేత్తో అధ్యక్షులవారి లాప్‌టాప్ మూత పైకెత్తింది.

కాసేపు ఏం జరగలేదు. ఆ తర్వాత ఒక మూలనుంచి “అయ్యో!” అని వినపడింది. ఇంకో మూలనుంచి “పోయింది!” అని. తలలు ఒకటొకటిగా లేచాయి.

“ఏమైందండీ? మళ్లీ ఏమైంది?”

“అది తర్వాత చూద్దాం,” అంది లిఫ్టమ్మ వేదిక మీంచి, పెదనాన్న డ్రిల్లు గొంతు అరువు తెచ్చుకుని. “ముందు చేతులు! లిఫ్టు దగ్గర ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టేనా, కాదా?”

అభ్యంతరంగారు ఆవిణ్ని చూశాడు. మూత చూశాడు. ఆవిడ చేతిలోని గ్లాసు చూశాడు. లేచి నిలబడ్డాడు.

“మాకు అభ్యంతరం...” అలవాటైన నోరు అక్కడే తడబడింది. గొంతు సవరించుకున్నాడు. “లేదు!”

చేతులు లేచాయి. వంగిన గొడుగు పక్కన పెట్టి అధ్యక్షులవారూ చెయ్యెత్తారు.

నెట్‌వర్క్ ఇంజనీరు వేదిక దగ్గరకి పరిగెత్తుకొచ్చాడు. తెరిచి ఉన్న మూతకేసి చూశాడు, లిఫ్టమ్మకేసి చూశాడు. పొద్దుటి నుంచి అతన్ని మనిషిగా పలకరించింది ఆవిడొక్కతే. మెడలోని తీగలు తీసి కుర్చీకి తగిలించాడు.

“ఇది ఇప్పట్లో దొరికే జబ్బు కాదు మేడమ్. నేను వెళ్లి టీ తాగొస్తా,” అన్నాడు.

లిఫ్టమ్మ మెట్లెక్కి సిగ్నల్ దొరికే చోట నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

“మామయ్యా, ఒప్పుకున్నారు!”

“సంతోషం అమ్మాయ్. అయితే వాడింటి లిఫ్టుకి ఎప్పుడొస్తుందట?”

“ముందు కొత్తవాటికి. పాతవాటికి మరమ్మతులప్పుడు.”

“అంటే నేను పోయాకన్నమాట.”

“ఊరుకోండి మామయ్యా! సెన్సర్ల ఆయన లేడూ, వాళ్ల మార్పు పనిచేస్తుందో లేదో చూసుకోడానికి ఓ పాత లిఫ్టు కావాలట. మీ స్నేహితుడింటిదే చెప్పాను. వచ్చేవారం బిగిస్తానన్నారు.”

అవతల పెదనాన్న చదరంగం పావులు గబగబా డబ్బాలో సర్దుతున్న చప్పుడు.

“అమ్మాయ్... వాడికి చెప్పకు. చెప్పకుండా వెళ్లి, వాడు బోర్డు మీద ఏం చేస్తున్నాడో చూడాలి.”

పదిరోజుల తర్వాత ఆ మీటింగు నివేదిక సభ్యులందరికీ మెయిల్లో వచ్చింది. మా వదిన నాకు చూపించింది. అందులో ఉన్నది ఇదీ: ‘నెట్‌వర్క్ అంతరాయం వల్ల సభ్యుల విలువైన సమయం పూర్తిగా వృథా అయినందుకు తీవ్రంగా చింతిస్తున్నాము. వచ్చే సమావేశంలో ఇటువంటి దుస్థితి ఒక్క క్షణమైనా తలెత్తకుండా రెట్టింపు బలమైన నెట్‌వర్క్ ఏర్పాటు చేయబడును.’

ఇక దుస్థితి తలెత్తదు సరే, సభ్యులైనా తలెత్తుతారా?

పాఠకులారా, ఒట్టేసి చెబుతున్నాను. నెట్‌వర్క్ మీద నాకేం కక్ష లేదు. పాపం, దానికేం తెలుసు? పక్కన మనిషున్నాడని తెలియడానికి మనకి కరెంటో, తీగో, సిగ్నలో ఏదో ఒకటి పోవాల్సి వస్తోందే, నా ఏడుపల్లా దాని గురించి!

ఈ కథంతా మా పత్రిక మీటింగులో చెప్పాను. చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ, పెదనాన్న దగ్గర కాస్త కళ్లు చెమర్చుకుంటూ చెప్పాను. మా సంపాదకుడు లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా అంతా విన్నాడు.

“బ్రహ్మాండంగా ఉందండీ! ఓసారి మెయిల్ చేసేయండి, వీలు చూసుకుని చదువుతాను,” అన్నాడు.

గది నలువైపులా చూశాను. గోడవారన నెట్‌వర్క్ పెట్టె లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. దాని ప్లగ్గు నా కుర్చీ కిందే ఉంది.

ఈ కాలమ్ అచ్చయి మీ దాకా వచ్చిందంటే, నేను కాలు చాపుకున్నానని అర్థం.